ఇతరులు వేసిన రంగు, ఈ ఇంటివాళ్ళు పెట్టిన మెరుగు: టర్టిల్ వ్యాక్స్ కథ

చికాగోలో రిగ్లీ ఫీల్డ్ అనే బేస్‌బాల్ మైదానం ఉంది. 1940ల తొలి ఏళ్ళలో అక్కడ ఆట జరుగుతుంటే, బయట ఆపి ఉంచిన కార్ల మధ్య ఒక మనిషి సీసా, గుడ్డ పట్టుకుని తిరిగేవాడట. బాగా మాసిపోయిన కారు కనబడితే దాని మడ్‌గార్డు ఒక్కటే తోమి, తళతళలాడించి వదిలేసేవాడు. ఆట అయిపోయి యజమాని వచ్చేసరికి కారులో ఒక మూల కొత్తగా మెరుస్తూ, మిగతాదంతా బూడిద పూసినట్టు కనిపించేది. సీసాతో ఆ మనిషి అక్కడే నిలబడి ఉండేవాడు. అతని పేరు బెన్ హర్ష్. సీసా మీద పేరు ప్లాస్టోన్. కొన్నాళ్ళకు అదే టర్టిల్ వ్యాక్స్ అనే కారు పాలిష్ అయింది.

ఇది ఆ కంపెనీ తన పుట్టుక గురించి చెప్పుకునే కథ. సరుకు అమ్ముకునే తెలివికి ఉదాహరణగా చాలామంది దీన్ని చెబుతారు. నాకు మాత్రం ఇది విన్నప్పుడల్లా ఆ యజమాని కారు గురించే ఆలోచన వస్తుంది. ఆ రంగు అంతలా ఎందుకు మాసిపోయింది? గుడ్డతో నాలుగుసార్లు రుద్దితే మళ్ళీ కొత్తదానిలా ఎలా అయింది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే ఆ కుటుంబం ఎనభై ఏళ్ళుగా ఏం చేస్తోందో కూడా అర్థమవుతుంది. కార్లకు రంగు తయారు చేసేది వేరే పెద్ద కంపెనీలు. ఆ రంగులో ఏ లోపం ఉంటే ఆ లోపానికి మందు తయారు చేయడమే వీళ్ళ పని. రంగు మారిన ప్రతిసారీ మందూ మారాల్సి వచ్చింది.

కాబట్టి ముందు రంగు సంగతి చూద్దాం.

మోటారు కార్లు వచ్చిన కొత్తలో వాటికి గుర్రపు బగ్గీలకు వేసినట్టే వార్నిష్ రంగు వేసేవారు. కుంచెతో పూత మీద పూత వేస్తూ, ఒక్కోటీ ఆరాక రుద్దుతూ పోతే ఒక కారుకు వారాలు పట్టేది. ఫ్యాక్టరీలో కారు తయారవడం ఒక ఎత్తు, రంగు ఆరడం ఒక ఎత్తు. 1920ల మొదట్లో డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ డ్యూకో అనే లక్కరు (త్వరగా ఆరిపోయే రంగు) కనిపెట్టాక ఈ బాధ తీరింది. 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు జనరల్ మోటార్స్ మొదట ఈ రంగు వేసింది. వారాల పని గంటల్లోకి వచ్చింది. నల్ల రంగు తప్ప వేరే దిక్కులేని రోజులు పోయి, రకరకాల రంగుల కార్లు మామూలు జనానికి అందాయి.

డ్యూకోలో ఉన్నది నైట్రోసెల్యులోజ్. దాన్ని ద్రావకంలో కరిగించి, రంగు పొడి కలిపి, కారు మీద పిచికారీ చేస్తారు. ద్రావకం ఆవిరైపోతే రంగు మిగులుతుంది. ఎంత సులువో అంత బలహీనం కూడా. ఇందులో అణువులు ఒకదానితో ఒకటి గట్టిగా అల్లుకోవు, పక్కపక్కన ఉంటాయంతే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడుతుంటే పైపొరలోని నైట్రోసెల్యులోజ్ మెల్లగా చెడిపోతుంది. అప్పుడు దాని లోపలున్న రంగు పొడి బయటపడుతుంది. వేలితో తాకితే సుద్దముక్క తాకినట్టు పొడి అంటుతుంది. కారు మాసినట్టు కనబడటానికి దుమ్ము ఒక్కటే కారణం కాదు, పైపొర చచ్చిపోవడం అసలు కారణం. తర్వాత వచ్చిన ఎనామెల్ రంగులు లక్కరు కన్నా గట్టివే. అయినా ఎండకు వాటికీ మెరుపు తగ్గేది.

ఇక్కడే ఒక అదృష్టం ఉంది. చచ్చింది పైపొర మాత్రమే. దాన్ని పలచగా గీకేస్తే కింద బతికున్న రంగు ఉంటుంది. పాలిష్ చేసే పని ఇదే. అప్పటి కార్లను తోమిన గుడ్డ చూస్తే తెలిసిపోయేది: ఎర్ర కారు తోమిన గుడ్డ ఎర్రగా, నీలం కారు తోమిన గుడ్డ నీలంగా ఉండేది. కారు రంగే కొంచెం కొంచెం గుడ్డకు ఎక్కుతుందన్నమాట.

పాలిష్, మైనం అని రెండు మాటలు కలిపి వాడేస్తుంటాం గానీ అవి రెండు వేర్వేరు పనులు. పాలిష్ అరగదీస్తుంది. మైనం కప్పుతుంది. పాలిష్‌లో మెత్తని రాపిడి పొడి ఉంటుంది. ఎక్కువగా వాడినవి ఒక రకం మెత్తటి బంకమట్టి, లేదా డయాటమేషియస్ ఎర్త్. ఈ రెండోది కంటికి కనిపించని నీటి శైవలాల గుల్లలు లక్షల ఏళ్ళు పేరుకుని ఏర్పడిన తెల్లటి మట్టి. ఆ గుల్లలు రుద్దుతుంటే పగిలి ఇంకా మెత్తబడతాయి, అందుకే గీతలు పడకుండా మెరుగు వస్తుంది. మైనంలో పేరున్నది కార్నౌబా. బ్రెజిల్ ఈశాన్యాన పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు తన ఆకులు ఎండిపోకుండా పైన పూసుకునే పూత అది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపితే పొరలు పొరలుగా రాలుతుంది. ప్రకృతిలో దొరికే మైనాల్లో ఇంత గట్టిది ఇంకోటి లేదు. కరగాలంటే 80 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఎండలో ఆగిన కారు మీద కరిగిపోకుండా నిలిచేది ఇందుకే.

హర్ష్ కన్నా ముందే చికాగోలో సైమనైజ్ అనే కంపెనీ ఉండేది. ఇంగ్లీషులో కారుకు మెరుగు పెట్టడాన్నే ‘సైమనైజ్ చేయడం’ అనేంత పేరు దానికి. కానీ పని చాలా కష్టం. ముందు ఒక డబ్బాలోంచి తీసి రుద్ది శుభ్రం చేయాలి. తర్వాత ఇంకో డబ్బాలోని ముద్ద మైనం పూయాలి. అది గట్టిపడ్డాక బలంకొద్దీ తుడవాలి. ఒక మధ్యాహ్నమంతా పోయేది, మర్నాటికి భుజాలు పట్టేసేవి. ప్లాస్టోన్ ద్రవం. రాపిడి పొడి, మైనం, ద్రావకం, నీళ్ళు అన్నీ ఒకే సీసాలో కలిసి ఉండేవి. పూసి, తెల్లగా ఆరనిచ్చి, తుడిస్తే చాలు. నిలవడంలో ముద్ద మైనానికి సాటి వచ్చి ఉండకపోవచ్చు. అయినా ఆదివారం ఒక గంట ఖాళీ దొరికిన మనిషికి అది సరిపోయేది. ఈ కంపెనీ చరిత్రలో మొదటి నుంచి చివరిదాకా కనిపించేది ఇదేనని నా నమ్మకం: వీళ్ళు లోహాన్నో రంగునో కాకుండా రుద్దే చేతిని చూసి సరుకు తయారు చేశారు.

నూనె, నీళ్ళు కలిపి ఉంచడం తేలికేం కాదు. వంటింట్లో నూనె, నీళ్ళు గిలక్కొట్టి వదిలేస్తే నిమిషంలో విడిపోతాయి. అవి విడిపోకుండా పట్టి ఉంచే సబ్బులాంటి పదార్థం వేయాలి, సరైన వేడి మీద కలపాలి, చల్లబరిచే వేగం కూడా కుదరాలి. దీన్ని ఎమల్షన్ అంటారు. ఇందులో ఏది తప్పినా అంగడి అరలోనే సీసా అడుగున గడ్డకడుతుంది. కార్ల రసాయనాల వ్యాపారంలో అసలు రహస్యం సగం ఇక్కడే ఉంటుంది. ఏమేం కలిపారన్నది ఎవరైనా పరీక్షించి చెప్పగలరు. ఏ వరసలో, ఎంత వేడిలో కలిపారన్నది మాత్రం కలిపినవాళ్ళకే తెలుస్తుంది.

హర్ష్ మొదట కలిపింది స్నానాలతొట్టిలో అంటారు. పెట్టుబడి 500 డాలర్లు. భార్య మేరీ సీసాల్లో నింపేది, ఆయన ట్రామ్ ఎక్కి ఊరంతా తిరిగి అమ్మేవాడు. కారు పాలిష్ అమ్మే మనిషి ట్రామ్‌లో తిరగడం చూస్తే ఆ ఇంట్లో డబ్బు పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఆ కాలాన్ని కూడా గుర్తుంచుకోవాలి. రెండో ప్రపంచయుద్ధంలోకి దిగాక అమెరికాలో 1942 ఫిబ్రవరిలో మామూలు జనం కోసం కార్ల తయారీ ఆపేశారు. ఫ్యాక్టరీలన్నీ విమానాలు, ట్యాంకుల పనిలో పడ్డాయి. 1945 వరకూ కొత్త కారు రాలేదు. పెట్రోలు, టైర్లు కూడా రేషన్‌లోనే. ఉన్న పాత కారునే కాపాడుకుంటూ నడపాలి. అదే సమయంలో ‘మీ పాత కారును కొత్తగా చేస్తా’ అంటూ ఒకాయన సీసాతో ఎదురైతే వినేవాళ్ళు ఉంటారు. సాధారణంగా యుద్ధం చిన్న వ్యాపారాలను ముంచుతుంది. వీళ్ళ విషయంలో అవసరాన్ని పెంచింది.

పేరు మారిన కథ ఇంకోటి. విస్కాన్సిన్ రాష్ట్రంలో బెలాయిట్ అనే ఊరి దగ్గర టర్టిల్ క్రీక్ అనే వాగు ఉంది. అమ్మకాలకు తిరుగుతూ హర్ష్ అటు వెళ్ళాడు. వాగు పేరులో తాబేలు వినబడగానే దాని చిప్ప గుర్తొచ్చిందట. తాబేటి చిప్పలాగా తన పూత కారును కాపాడుతుందని చెబితే ఎవరికైనా అర్థమవుతుంది కదా అనుకున్నాడు. ప్లాస్టోన్ అంటే ప్రయోగశాలలో పుట్టినట్టుంటుంది. తాబేలు అంటే చిన్నపిల్లలకు కూడా బొమ్మ కళ్ళముందు నిలుస్తుంది. పేరుకు తగ్గట్టే, తర్వాత వచ్చిన తమ ముఖ్యమైన సరుకుకు ‘సూపర్ హార్డ్ షెల్’ అనే పేరు పెట్టారు. 1950ల్లో చికాగోలో మాడిసన్, ఆగ్డెన్, యాష్‌లాండ్ వీధులు కలిసే మూల మీదున్న భవనం పైన ఒక పెద్ద తాబేలు బొమ్మ నిలబెట్టారు. చాలా ఏళ్ళు అది ఆ కూడలికి గుర్తుగా ఉండిపోయింది.

యుద్ధం అయిపోయాక అమెరికా కార్ల మీద పడింది. ఒక్క 1955లోనే అక్కడ దాదాపు 79 లక్షల కార్లు తయారయ్యాయి. జనం నగరం వదిలి శివార్లకు మారారు. ఇంటి ముందు కారు పెట్టుకునే చోటు, పక్కనే నీళ్ళ పైపు, శనివారం సెలవు. కారు కడిగి మెరుగు పెట్టడం ఇంటి పెద్ద చేసే పనుల్లో ఒకటయింది. రంగులు కూడా గాఢంగా, ఒకే కారుకు రెండేసి రంగులతో వచ్చేవి. మాస్తే వెంటనే తెలిసిపోయేది. పాలిష్ అమ్మేవాడికి ఇంతకంటే మంచి రోజులు ఉండవు.

ఆ రోజుల్లోనే సీసాలోకి ఇంకో పదార్థం వచ్చింది: సిలికాన్ నూనె. యుద్ధం కోసం డౌ కార్నింగ్ లాంటి కంపెనీలు అభివృద్ధి చేసిన ఈ నూనె యుద్ధం తర్వాత మామూలు సరుకుల్లోకి దిగింది. మైనంలో కొంచెం సిలికాన్ కలిపితే గుడ్డ జారుతూ పోతుంది, సగం బలంతో రెట్టింపు మెరుపు వస్తుంది, నీటిబొట్లు గుండ్రంగా నిలుస్తాయి. కారు తోమే మనిషికి అంతకన్నా ఏం కావాలి? కానీ బాడీషాపుల్లో రంగు వేసేవాళ్ళకు అది తలనొప్పి అయింది. సిలికాన్ తలతన్యత (ద్రవం పైపొరను బిగించి ఉంచే గుణం) చాలా తక్కువ. లోహం మీద అది రవ్వంత మిగిలినా కొత్త రంగు అక్కడికి రాగానే పక్కకు తప్పుకుంటుంది. చిన్న చిన్న గుంటలు పడతాయి. వాటిని చేప కళ్ళు అంటారు. ఇప్పటికీ బాడీషాపులకు అమ్మే పాలిష్‌ల మీద ‘సిలికాన్ లేదు’ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. ఇళ్ళకు అమ్మే సీసాల మీద అలా రాయాల్సిన పని లేదు. ఒకే పదార్థం ఒకరికి వరం, ఇంకొకరికి శాపం. ఎవరి కోసం తయారు చేస్తున్నామో తేల్చుకోకపోతే ఈ వ్యాపారంలో నిలవలేం. హర్ష్ కుటుంబం ఇంటి మనిషి వైపు నిలబడింది.

ప్రచారం కూడా ఇంటి మనిషి కోసమే. అమెరికా టీవీల్లో గేమ్ షోలు మొదలైనప్పుడు, ఓడిపోయినవాళ్ళకు ఊరడింపు బహుమతిగా టర్టిల్ వ్యాక్స్ పెట్టె ఇచ్చేవారు. ఇచ్చేటప్పుడు వ్యాఖ్యాత దాని పేరు చదివేవాడు. కంపెనీలు సరుకుతోపాటు కొంత రుసుము కట్టి ఈ మాట చెప్పించుకునేవి. పూర్తి ప్రకటన కొనడంతో పోలిస్తే ఇది చాలా చవక. ఆ తరం అమెరికా వాళ్ళకు ఆ పేరు వినగానే కారు కన్నా ముందు టీవీ గుర్తొస్తుంది.

బెన్ హర్ష్ 1966లో చనిపోయాడు. చాలా కుటుంబ వ్యాపారాల కథ ఇక్కడే ముగుస్తుంది. కలిపే పద్ధతి తెలిసిన మనిషి, ఊరూరా తిరిగిన మనిషి, పేరు పెట్టిన మనిషి ఒక్కడే అయితే ఆయన పోగానే మిగిలేది సీసా మీద కాగితం మాత్రమే. ఇక్కడ అలా కాలేదు. కూతురు సాండ్రా, అల్లుడు డెనిస్ హీలీ రాబోయే కాలానికి బాధ్యత తీసుకున్నారు. ఆయన కంపెనీని నడిపాడు, ఆవిడ బోర్డుకు అధ్యక్షురాలిగా ఉంది. వాళ్ళ తర్వాత మూడో తరం కూడా అందులోకి వచ్చింది. ప్రధాన కార్యాలయం చికాగో పరిసరాలను దాటి పోలేదు. ఇంగ్లండ్‌లోని స్కెల్మర్స్‌డేల్‌లో కూడా తయారీ పెట్టారు.

ఈ రంగంలో కుటుంబ కంపెనీలు ఇంత ఎక్కువగా ఎందుకు కనిపిస్తాయో చూద్దాం. కారణం పెట్టుబడి దగ్గర ఉంది. ‘రసాయనాల కంపెనీ’ అంటే పెద్ద గొట్టాలు, కొలుములు ఉన్న రిఫైనరీ అనుకుంటాం. వీళ్ళు అణువులను తయారు చేయరు. మైనం, సిలికాన్, ద్రావకం అన్నీ వేరేవాళ్ళ దగ్గర కొంటారు. ఒక పెద్ద పీపా, కలిపే యంత్రం, సీసాలు నింపే వరస ఉంటే చాలు. అందుకే స్నానాలతొట్టిలోనూ మొదలుపెట్టొచ్చు. కారు పాలిష్‌లకు పేరున్న మెగ్వైర్ కుటుంబం 1901లో ఫర్నిచర్ పాలిష్‌తో మొదలైంది. ఇంటి గ్యారేజీలో, గుడ్లు గిలక్కొట్టే పరికరంతో ఒక్కో సీసాకు సరిపడా కలిపేవాడట ఫ్రాంక్ మెగ్వైర్. బార్స్ లీక్స్‌ను ఫ్రెడ్ బార్టన్ 1947లో ఇలాగే చిన్నగా మొదలుపెట్టాడు. రేడియేటర్లలో కారుడు (నీళ్ళు కారిపోవడం) ఆపే మందు అది.

బార్స్ లీక్స్ పేరు వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 1958లో నాటిలస్ అనే అమెరికా అణు జలాంతర్గామి ఉత్తర ధ్రువం కింది నుంచి వెళ్ళడానికి సిద్ధమవుతుంటే, దాని ఆవిరి కండెన్సర్‌లోకి (ఆవిరిని తిరిగి నీళ్ళుగా మార్చే భాగం) సముద్రపు నీళ్ళు కారడం మొదలైంది. ఎంత వెతికినా చిల్లు దొరకలేదు. కెప్టెన్ ఆండర్సన్‌కు కార్ల రేడియేటర్లలో పోసే మందు గుర్తొచ్చింది. నావికులు మామూలు బట్టలు వేసుకుని సియాటిల్‌లో తిరిగి 140 క్వార్టుల (క్వార్టు అంటే లీటరుకు కాస్త తక్కువ) సీసాలు కొనుక్కొచ్చి కండెన్సర్‌లో పోశారు. కారుడు ఆగింది. ఆగస్టు 3న ఆ జలాంతర్గామి ధ్రువం కింద నుంచి దాటింది. ఆ సీసాలు తమవేనని బార్స్ లీక్స్ వాళ్ళు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

మొదలుపెట్టడం సులువైన వ్యాపారం అమ్ముకోవడమూ సులువే. కొనేవాడికి ఫ్యాక్టరీతో పని లేదు, అతని పీపాలు అతనికున్నాయి. కావాల్సింది పేరు, అంగడి అరలో చోటు. ఇందుకు ఎస్టీపీ మంచి ఉదాహరణ. ఇంజిన్ ఆయిల్‌లో కలిపే ఈ చిక్కటి ద్రవాన్ని 1950ల మధ్యలో మిస్సోరీలోని సెయింట్ జోసెఫ్‌లో ముగ్గురు స్నేహితులు మూడు వేల డాలర్లతో మొదలుపెట్టారు. 1961లో స్టూడీబేకర్ అనే కార్ల కంపెనీ కొంది. తర్వాత చేతులు మారుతూ మారుతూ క్లోరాక్స్ దగ్గరికి, 2010లో ఒక పెట్టుబడి సంస్థ దగ్గరికి, 2015లో స్పెక్ట్రమ్ బ్రాండ్స్‌కు, 2019లో బ్యాటరీలు అమ్మే ఎనర్జైజర్‌కు చేరింది. డ్యాష్‌బోర్డులను మెరిపించే ఆర్మర్ ఆల్ కూడా చివరి మూడు మజిలీలూ దాని వెంటే తిరిగింది. మూడు తరాలు నడిపిన మెగ్వైర్ కుటుంబం కూడా 2008లో త్రీఎమ్‌కు అమ్మేసింది. అమ్మడం తప్పని నేననను. పెద్ద కంపెనీలో పరిశోధనకు డబ్బు ఉంటుంది, దేశదేశాలకు సరుకు పంపే ఏర్పాట్లు ఉంటాయి. కుటుంబం చేతిలో అవి తక్కువ. కానీ పెట్టుబడి సంస్థలు కొన్నప్పుడు, ఐదేళ్ళకో ఎనిమిదేళ్ళకో తిరిగి అమ్మాలనే లెక్కతోనే కొంటాయి. ఒక కొత్త పూతను ఎండలో, మంచులో పరీక్షించి, నచ్చక పారేసి, మళ్ళీ చేయడానికి ఆ లెక్కలో చోటు తక్కువ. షేర్ మార్కెట్లో లేని ఇంటి కంపెనీ మూడు నెలలకోసారి ఎవరికీ లాభం చూపించనక్కర్లేదు.

ఎస్టీపీ దగ్గర ఇంకో విషయం కూడా నేర్చుకోవాలి. కార్ల రసాయనాల్లో కొన్ని కంటికి కనిపించే పని చేస్తాయి, కొన్ని కనిపించని పని చేస్తాయి. మెరుగు పెట్టామా లేదా అన్నది ఒక మడ్‌గార్డు తోమి చూపించొచ్చు. కారుడు ఆగిందా లేదా అన్నది కింద నేల మీద చూస్తే తెలుస్తుంది. ఇంజిన్ లోపల అరుగుదల తగ్గిందా? కారు నడిపేవాడు చూసే దారి లేదు, నమ్మాలంతే. ఆ నమ్మకం మీద చాలా ప్రకటనలు నడిచాయి. ఆయిల్ వాడకం తగ్గుతుందన్న ప్రచారానికి సరైన ఆధారాలు లేవని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎస్టీపీ మీద చర్య తీసుకుంది. 1978లో కంపెనీ 5 లక్షల డాలర్ల జరిమానా కట్టి, ఆ సంగతి పత్రికల్లో ప్రకటన ఇచ్చి మరీ ఒప్పుకోవాల్సి వచ్చింది. మెరుగు వ్యాపారానికి ఈ టెన్షన్ తక్కువ, ఎందుకంటే కొన్నవాడే పరీక్షకుడు. టర్టిల్ వ్యాక్స్ పూర్తిగా కనిపించే వైపే ఉండిపోలేదన్నది కూడా చెప్పాలి. బర్ట్ పియర్స్ 1923లో తయారు చేసిన మార్వెల్ మిస్టరీ ఆయిల్‌ను తర్వాతి కాలంలో కొని తన గూటిలో చేర్చుకుంది. అది ఇంధనంలో, ఇంజిన్ ఆయిల్‌లో కలిపే నూనె.

ఇక 1980ల సంగతి. ఈ కథలో అన్నిటికన్నా పెద్ద మలుపు అదే, దాన్ని తెచ్చింది కూడా రంగు కంపెనీలే. అప్పటిదాకా రంగు అంతా ఒకే పొర. ఇప్పుడు రంగు పొర పలచగా వేసి, దాని మీద రంగులేని పారదర్శకమైన పొర వేయడం మొదలైంది. దీన్ని క్లియర్ కోట్ అంటారు. ఐరోపాలో మెటాలిక్ రంగులతో ముందు వచ్చి, తర్వాత అమెరికా అంతా పాకింది. ఇందులో అణువులు వేడికి ఒకదానితో ఒకటి అల్లుకుని వలలా గట్టిపడతాయి. ఎండను పీల్చుకునే పదార్థాలు కూడా కలుపుతారు. పాత లక్కరులా సుద్దపొడి రాలదు. ఎర్ర కారు తోమినా గుడ్డకు ఎరుపు అంటదు.

పాలిష్ కంపెనీకి దీని అర్థం ఏమిటి? నలభై ఏళ్ళుగా ఏ జబ్బుకు మందు అమ్ముతోందో ఆ జబ్బే తగ్గిపోయింది. పైగా పాత మందు ఇప్పుడు హాని చేస్తుంది. క్లియర్ కోట్ మందం సుమారు 40–50 మైక్రాన్లు, తలవెంట్రుక కన్నా పలచన. గరుకు పొడితో రుద్దితే గుండ్రటి సన్నని గీతలు పడి, ఎండలో సాలెగూడులా కనబడతాయి. ఎక్కువసార్లు అరగదీస్తే ఎండ నుంచి కాపాడే పొరే పోతుంది. కొత్త కారుకు మైనం అక్కర్లేదనే మాట కూడా అప్పుడే వ్యాపించింది. ఆ మాటలో కొంత నిజముంది, కొంత లేదు. రంగు తొందరగా చచ్చిపోదన్నది నిజం. కానీ పిట్టల రెట్టలు, చెట్ల జిగురు, వానలోని ఆమ్లం క్లియర్ కోట్‌ను కూడా తింటాయి. వాటికీ రంగుకీ మధ్య ఒక పొర ఉంటే, తినేది ముందు ఆ పొరనే. అంటే బాగుచేసే సీసా స్థానంలో కాపాడే సీసా రావాలి. రాపిడి పొడి తగ్గాలి, ఉన్నది బాగా మెత్తగా ఉండాలి. పైన నిలిచే పాలిమర్లు (పొడవాటి గొలుసు అణువుల పదార్థాలు) పెరగాలి. సీసా మీద ‘క్లియర్ కోట్‌కు సురక్షితం’ అని రాయకపోతే ఎవరూ కొనని రోజులు వచ్చాయి.

దానికి తోడు చట్టం వచ్చింది. పాలిష్‌లలోని ద్రావకాలు ఆవిరై గాలిలో కలిసి పొగమంచులాంటి కాలుష్యానికి కారణమవుతాయి. కాలిఫోర్నియా రాష్ట్రం 1990ల నుంచి ఇళ్ళలో వాడే రసాయన సరుకుల్లో ఇలాంటి ద్రావకాలకు హద్దులు పెడుతూ వచ్చింది, కారు మైనాలు కూడా ఆ లెక్కలోకి వచ్చాయి. ద్రావకం తగ్గిస్తే నీళ్ళు పెంచాలి. నీళ్ళు పెంచితే ఎమల్షన్ మళ్ళీ మొదటి నుంచి కుదర్చాలి, ఆరే తీరు మారుతుంది, తుడిచే తీరు మారుతుంది. కొన్నవాడు మాత్రం పేరు పాతదే కాబట్టి పని కూడా పాతగానే ఉండాలనుకుంటాడు. ఇలాంటి మార్పులు బయటికి కనబడవు, వీటికి ప్రకటనలూ ఉండవు. కానీ ఒక రసాయనాల కంపెనీ ఎంత గట్టిదో తెలిసేది ఇలాంటప్పుడే.

జనం అలవాట్లు కూడా మారాయి. ఇంటి ముందు కారు కడిగే శనివారాలు తగ్గాయి. యంత్రాలతో కడిగే కార్ వాష్‌లు పెరిగాయి. టర్టిల్ వ్యాక్స్ తన పేరుతో చికాగో ప్రాంతంలో కార్ వాష్‌లు నడిపింది, వాటిలో వాడే రసాయనాలు కూడా అమ్మింది. గంట పట్టే పని పదిహేను నిమిషాలకు రావాలి. అందుకే ఒకే సీసాతో కడిగి, మైనమూ పెట్టే షాంపూలు, తడిమీదే చల్లి తుడిచే స్ప్రేలు వచ్చాయి. ముద్ద మైనం నుంచి ద్రవం, ద్రవం నుంచి స్ప్రే. ప్రతి అడుగులోనూ మెరుపు నిలిచే కాలం ముందుగా కొంత తగ్గింది, తర్వాత రసాయనం మెరుగుపడి మళ్ళీ పెరిగింది.

ఇప్పుడు నడుస్తున్నది సిరామిక్ కాలం. ఈ మాట చుట్టూ చాలా గందరగోళం ఉంది, కాస్త విడదీసి చూద్దాం. సిరామిక్ కోటింగ్ అంటే పింగాణీ పూత కాదు. సిలికాన్, ఆక్సిజన్ కలిసిన అణువుల గొలుసులు గాలిలోని తేమతో చర్య జరిపి, క్లియర్ కోట్‌ను పట్టుకుని గట్టిపడతాయి. చివరికి మిగిలేది గాజుకు దగ్గరి బంధువైన పలచని పొర. కార్లకు మెరుగు పెట్టే స్టూడియోల్లో పనివాళ్ళు వేసే గాఢమైన ద్రవాలు ఏళ్ళ తరబడి నిలుస్తాయి. వాటికి ముందు కారును పూర్తిగా పాలిష్ చేయాలి, దుమ్ము లేని చోట వేయాలి, తప్పుచేస్తే మళ్ళీ అరగదీయడం తప్ప దారిలేదు. అంగళ్ళలో దొరికే సిరామిక్ స్ప్రేలలో అదే జాతి పదార్థం చాలా తక్కువ పాళ్ళలో, మైనంతోనో పాలిమర్లతోనో కలిపి ఉంటుంది. అవి నెలల లెక్కన నిలుస్తాయి. రెండింటికీ పేరు ఒకటే కావడంతో కొనేవాళ్ళు మోసపోయామనుకుంటారు. నా ఉద్దేశంలో సీసా మీద ఎంతకాలం నిలుస్తుందో, ఎంత శాతం ఉందో స్పష్టంగా రాయడం కంపెనీలన్నిటికీ బాధ్యత. పెద్ద పేరున్న కంపెనీలకు ఇంకా ఎక్కువ బాధ్యత.

టర్టిల్ వ్యాక్స్ ఈ స్ప్రేల వైపే వెళ్ళింది. 2020 ప్రాంతంలో వచ్చిన ‘హైబ్రిడ్ సొల్యూషన్స్’ వరసలో సిరామిక్ స్ప్రే ఉంది, దాని వెనకే గ్రాఫీన్ (కార్బన్‌లో అతి పలచని రూపం) కలిపిన రకం వచ్చింది. ద్రవ మైనం సీసా ఏ మనిషి కోసం పుట్టిందో ఇవీ ఆ మనిషి కోసమే: స్టూడియోకు వెళ్ళే డబ్బు, తీరిక లేనివాడు, కారంటే మాత్రం ప్రేమ ఉన్నవాడు.

ఈ స్ప్రేలు ఎలా పనిచేస్తాయో చూపించే వీడియోలు ఇప్పుడు ఎక్కడ చూసినా కనబడతాయి. కారు బానెట్‌కు సరిగ్గా మధ్యలో నీలం టేపు అంటిస్తారు. ఒక సగానికి స్ప్రే చల్లి తుడుస్తారు, ఇంకో సగాన్ని ముట్టుకోరు. టేపు పీకి, పైపుతో నీళ్ళు పోస్తారు. ముట్టుకోని వైపు నీళ్ళు పలచగా పరుచుకుని ఆగిపోతాయి. తుడిచిన వైపు ముత్యాల్లా చుట్టుకుని, జారి కిందపడతాయి.